శాశ్వత చిరునామా లేని శతకం

సొంతింట్లో ఉంటూ వెబ్‌సైటును అద్దె సర్వర్లో పెట్టడం మా వంశంలో నామోషీ. ఈ సంగతి మా వంశంలో ఇంకెవరికీ తెలియదు, నేనే ప్రకటించాను. నాన్నగారు రాసిన 108 పద్యాల శతకాన్ని ముంబైలోనో సింగపూర్‌లోనో పరాయి మిషన్ మీద పెట్టి నెలనెలా అద్దె కట్టడమంటే పితృకార్యాన్ని కాంట్రాక్టుకు ఇచ్చినట్టేనని నా నిశ్చితాభిప్రాయం. అందుకని అరచేతిలో పట్టే రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ ఒకటి కొని డైనింగ్ టేబుల్ పక్కన ప్రతిష్ఠించాను. పిల్లలు కంప్యూటర్ నేర్చుకోవాలని 2012లో 35 డాలర్లకు మార్కెట్లోకి తెచ్చిన బోర్డు అది. మా ఇంట్లో పిల్లలు దాన్ని ముట్టుకోవడం నిషేధం.

ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్‌కూ రక్షణ అవసరమైంది. సెర్న్ అనే పరిశోధనశాలలో, వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ తన నెక్స్ట్ కంపెనీ కంప్యూటర్‌కు చీటీ అంటించి, ఇది సర్వర్, ఆపొద్దు అని ఎర్ర సిరాతో రాసిపెట్టాడు. నేనూ అంటించాను: "ఈ ప్లగ్గు ఎవరూ తీయరాదు." మూడో రోజుకే మిక్సీ కోసం తీసేశారు. చీటీ చూపించి నిలదీస్తే, "ఎవరూ అంటే బయటివాళ్లనుకున్నానండీ" అంది మా ఆవిడ. సెర్న్‌లో కొబ్బరి పచ్చడి చేసేవాళ్లు లేరు కాబట్టి సరిపోయింది.

అయినా ప్లగ్గు చిన్న సమస్య. అసలు సమస్య చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో మన ఇల్లు ఎక్కడుందో చెప్పే ఐపీ నంబరు.

పాత పద్ధతి చిరునామాలు, అంటే ఐపీవీ4వి, 32 బిట్ల లెక్కన మొత్తం దాదాపు 429 కోట్లు. మొదట లెక్కవేసినవాళ్లకు అది అక్షయపాత్రలా కనిపించి ఉంటుంది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచమంతటికీ ఉన్న నంబర్ల ఖజానాలో మిగిలిన చివరి అయిదు పెద్ద బ్లాకులను అయిదు ప్రాంతీయ సంస్థలకు తలా ఒకటి పంచేసి చేతులు దులుపుకున్నారు. మన ఆసియా-పసిఫిక్ వాటాకు ఆ ఏప్రిల్ నుంచే రేషన్ మొదలైంది. ఐపీవీ6 అని కొత్త పద్ధతి ఉంది, ఇసుక రేణువుకో నంబరు ఇచ్చినా ఇంకా మిగులుతాయి. అది మా వీధి కేబులాయన దాకా రాలేదు.

రౌటర్‌లో చూస్తే నా నంబరు 100.64తో మొదలవుతోంది. మురిసిపోయాను. తీరా అది 2012లో ఇలాంటి కరువు కోసమే కేటాయించిన ఉమ్మడి నంబరట. వీధి వీధంతటికీ బయట ఒకటే చిరునామా, లోపల వాటాలు. కుళాయి దగ్గర పోట్లాడుకునే మేమంతా ఇంటర్నెట్ దృష్టిలో ఒకే కుటుంబం. మేం బయటికి వెళ్లొచ్చు, పిలవకుండా మా ఇంటికి ఎవరూ రాలేరు. వెబ్‌సైటు అంటేనే పిలవకుండా వచ్చేవాళ్ల కోసం కదా.

కేబులాయన పంపిన కుర్రాడితో గంటసేపు వాదించాను.

"సార్, స్టాటిక్ ఐపీ కావాలంటే నెలకు అదనం పడుద్ది."

"నా ఇంటికి నంబరు పలక వేయడానికి అద్దె ఏమిటి బాబూ?"

"పోనీ పబ్లిక్ ఐపీ ఇస్తాం, బయటివాళ్లు రాగలిగేది. కానీ మారుతూ ఉంటుంది సార్."

గుళ్లో మూలవిరాట్టు కదలదు, ఉత్సవ విగ్రహం ఊరేగుతుంది. స్టాటిక్ ఐపీ మూలవిరాట్టు. సిద్ధాంతం కోసం, కొంత డబ్బుల కోసం కూడా, నేను ఊరేగింపే చాలన్నాను. ఏ వీధిలో ఉందో భక్తులకు చెప్పని ఊరేగింపు అది. రౌటర్ ఆపి వేస్తే కొత్త నంబరు. ఆపకపోయినా, వాళ్లకు బుద్ధి పుడితే కొత్త నంబరు.

దీనికి మందు డైనమిక్ డీఎన్ఎస్. మన పెట్టెలో కూర్చున్న చిన్న ప్రోగ్రాం అయిదు నిమిషాలకోసారి నంబరు మారిందేమో చూసి, పేర్లు ఇచ్చే సంస్థకు కబురు పెడుతుంది. ఆ పేరు కొట్టినవాళ్లకు వాళ్లు కొత్త నంబరుకు దారి చూపిస్తారు. సొంతింటి సైటుకు పేరు కోసం అమెరికాలో ఒక ఉచిత సంస్థను ఆశ్రయించాను. నెలకోసారి, ఇంకా ఉన్నానని వాళ్ల మెయిల్లో నొక్కి చెప్పాలి. పింఛనుదారులకైనా లైఫ్ సర్టిఫికెట్ ఏడాదికోసారే. అయినా స్వావలంబన అన్నాక ఆమాత్రం తప్పదు.

ఇళ్ల కనెక్షన్లకు 80వ పోర్టు, అంటే వెబ్‌సైట్లకు మామూలుగా వచ్చే తలుపు, మూసేస్తారట. 8080 తెరిచి, డల్లాస్‌లో కొడుకు దగ్గర ఉంటున్న మా మేనత్తకు ఫోన్‌లో అడ్రసు చెప్పాను. వాట్సాప్‌లో పంపితే పోయేదే, కానీ అత్తయ్యకు అడ్రసు ఎవరిదైనా చెప్పించుకుని రాసుకోవడం అలవాటు.

"చివర రెండు చుక్కలు పెట్టు అత్తయ్యా, ఒకదాని మీద ఒకటి, ఆ తర్వాత 8080."

"విసర్గా? ఇంగ్లీషులో విసర్గ ఎందుకురా?"

ఆ వారం అత్తయ్యకు సైటు తెరుచుకోలేదు. నాకు మాత్రం బ్రహ్మాండంగా తెరుచుకుంది, ఎందుకంటే నేను చూసింది ఇంట్లోంచి, 192.168తో మొదలయ్యే నంబరు మీద. ప్రతి ఊళ్లోనూ రామాలయం వీధి ఉన్నట్టు ఆ నంబరు అందరిళ్లలోనూ ఉంటుంది. మనింట్లో మన పద్యం మనకు వినపడటం ఏ కవికైనా పెద్ద కష్టం కాదు.

అత్తయ్యకు దొరకని ఇల్లు దొంగలకు మాత్రం అరగంటలో దొరికింది. ఆ రాత్రి వచ్చిపోయేవాళ్ల చిట్టా, అదే లాగ్ ఫైలు, తెరిస్తే ఏయే దేశాల నుంచో రాకపోకలు. ఒకడు వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ ఉందా అని, ఇంకొకడు డేటాబేస్ తాళాలు ఎక్కడ పెట్టారని. ఆఫీసు నుంచి మరమ్మతు చేసుకుందామని తెరిచిన ఇంకో తలుపు దగ్గరైతే అడ్మిన్, రూట్, టెస్ట్ అంటూ పేర్లు మార్చి మార్చి తడుతున్నారు. అవన్నీ మనుషులు కావు, కనిపించిన ప్రతి నంబరునూ తట్టి చూసే ప్రోగ్రాంలు. 108 పద్యాలుంటే ఒక్కటీ ఒక్క పద్యం వైపు చూడలేదు. రెండింటికి మా ఆవిడను లేపి, "మన మీద విదేశీ దాడి జరుగుతోంది" అన్నాను. "గేటుకు తాళం వేశారుగా" అని అటు తిరిగి పడుకుంది.

మొన్న గాలివానకు కరెంటు పోయి వచ్చింది. రౌటర్ లేచింది, కొత్త నంబరు తెచ్చుకుంది. నా పెట్టె లేవలేదు, మెమరీ కార్డు పోయింది. కబురు పెట్టాల్సిన ప్రోగ్రాం అందులోనే ఉంది. పేరు మాత్రం పాత నంబరునే చూపిస్తూ కూర్చుంది, ఆ నంబరు అప్పటికే మరెవరికో వెళ్లిపోయింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ముందు అత్తయ్య ఫోన్ వచ్చింది.

"ఒరేయ్, ఇవాళ తెరుచుకుందిరా! ఏదో కెమెరా బొమ్మ వచ్చింది. పేరు, పాస్‌వర్డ్ అడుగుతోంది."

"నాన్నగారి పద్యాలకు పాస్‌వర్డ్ లేదత్తయ్యా. అది ఎవరిదో సీసీ కెమెరా. నువ్వేం కొట్టలేదు కదా?"

"నీ పేరు కొట్టాను, కాదంది. అన్నయ్య పేరు కొట్టాను, ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి. చివరికి మన గోత్రం కూడా కొట్టాను. పదకొండుసార్లు ప్రయత్నించానురా."

మా ఊళ్లోనే ఏ వీధిలోనో, ఈపాటికి ఒకాయన లాగ్ ఫైలు ముందు కూర్చుని, అమెరికా నుంచి దాడి జరుగుతోందని వాళ్లావిడను నిద్ర లేపుతూ ఉంటాడు.