స్విస్ హార్నెట్ల మీద ఆ జోకు ఇక ఆపండి

పొద్దున్నుంచి మళ్ళీ అదే రీల్ తిరుగుతోంది. "విమానం హైజాక్ అయిందని స్విస్ ఎయిర్‌ఫోర్స్‌కి ఫోన్ చేస్తే, ఎనిమిదింటికి ఆఫీసు తెరిచాక రమ్మన్నారు" అని. కింద అందరూ పడీపడీ నవ్వడం. "చాక్లెట్లు చేసుకునేవాళ్ళకి ఫైటర్లెందుకు" అని ఒకాయన కామెంటు. ఒళ్ళు మండిపోయింది. ఫైటర్ విమానాల గురించి రోజూ మాట్లాడుకునే మన గుంపులో కూడా దీన్ని షేర్ చేస్తున్నారంటే ఇక ఏమనాలి?

జరిగింది ఇది. 2014 ఫిబ్రవరి 17, ఆడిస్ అబాబా నుంచి రోమ్ వెళ్తున్న ఇథియోపియన్ బోయింగ్ 767. కెప్టెన్ టాయిలెట్‌కి లేవగానే కో-పైలట్ కాక్‌పిట్ తలుపు లోపల గడియ వేసుకున్నాడు. ముందు ఇటలీ యూరోఫైటర్లు, తర్వాత ఫ్రాన్స్ మిరాజ్‌లు వెంట నడిచాయి. ఉదయం ఆరు దాటాక జెనీవాలో దిగింది. లోపలున్న 202 మందికీ ఏమీ కాలేదు. స్విస్ హార్నెట్లు, అంటే వాళ్ళ ఎఫ్/ఏ-18 ఫైటర్ జెట్లు, లేవలేదు, నిజమే. అప్పట్లో వాళ్ళ గగనతల కాపలా పనిదినాల్లో, ఆఫీసు వేళల్లో మాత్రమే. దాన్నెవరూ దాచలేదు. సిబ్బంది లేరు, బడ్జెట్ లేదు అని వాళ్ళ ప్రతినిధే బాహాటంగా చెప్పాడు.

నవ్వేవాళ్ళు ఒక్కసారి మ్యాప్ తీయండి. జెనీవా స్విట్జర్లాండ్‌కి నైరుతి కొసన ఉంది, చుట్టూ దాదాపు అంతా ఫ్రాన్సే. రన్‌వే పక్కనే సరిహద్దు. దక్షిణం నుంచి అక్కడికొచ్చే విమానాన్ని ముందు పట్టుకోవాల్సింది ఇటలీ, ఫ్రాన్స్ జెట్లే. వాటిని లోపలికి రానివ్వడానికి ముందే ఒప్పందం ఉంది. వెంట నడవొచ్చు, కాల్చకూడదు. ఆ రోజు జరిగింది అచ్చంగా ఆ ఒప్పందం ప్రకారమే.

దేశం ఉత్తర దక్షిణాలు కలిపి 220 కిలోమీటర్లు. ప్రయాణికుల జెట్ నిమిషానికి 15 కిలోమీటర్లు పోతుంది. అంటే పావుగంటలో ఈ సరిహద్దు నుంచి ఆ సరిహద్దుకి. స్విస్ వాళ్ళ అలర్ట్ లెక్క కూడా పిలుపొచ్చిన 15 నిమిషాల్లో గాల్లో ఉండాలనే. ఇంత చిన్న ఆకాశాన్ని పొరుగువాళ్ళ రాడార్, పొరుగువాళ్ళ కబురు లేకుండా కాయడం ఎవరి తరమూ కాదు.

ఇంకా మండేది ఏంటంటే, "హైజాక్ అయ్యాక సిగ్గొచ్చి 24 గంటల డ్యూటీ పెట్టుకున్నారు" అని ఆ రీల్‌లో చెప్పడం. పచ్చి అబద్ధం! రాత్రీపగలూ కాపలా ఉండాలని హాన్స్ హెస్ అనే సభ్యుడు పార్లమెంటులో తీర్మానం పెట్టింది 2009లో. ఆమోదం 2010లో. హైజాక్‌కి నాలుగేళ్ళ ముందు! మరి ఎందుకంత ఆలస్యం? మనుషులు కావాలి కాబట్టి.

లెక్క చూడండి. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 42 గంటలు పనిచేస్తే ఒక్క కుర్చీకి నలుగురు. సెలవులు, జబ్బులు, సిమ్యులేటర్, శిక్షణ కలిపితే అయిదుగురికి తక్కువ కాదు. అలర్ట్‌లో ఉండేది ఒక జత, రెండు విమానాలు. అంటే పైలట్లే పదిమంది. వాళ్ళు అలర్ట్ గదిలో కూర్చున్నంతసేపూ వాళ్ళ మామూలు శిక్షణ ఆగిపోతుంది. ఆ పైన మెకానిక్‌లు, మిసైళ్ళు చూసే ఆయుధ సిబ్బంది, టవర్, ఫైర్ ఇంజన్, రన్‌వే మీద మంచు తీసేవాళ్ళు, డ్యూబెన్‌డార్ఫ్ సైనిక స్థావరంలో రాడార్ ముందు కూర్చునేవాళ్ళు. అందరికీ అదే అయిదు రెట్లు. సుమారు వంద కొత్త ఉద్యోగాలు, ఏటా 3 కోట్ల ఫ్రాంకులు అయింది. అందుకే మెట్టుమెట్టుగా వెళ్ళారు. 2016లో పనిదినాల్లో పగలు ఆ 15 నిమిషాల అలర్ట్, 2017లో ఏడాది పొడుగునా పగలు, 2019లో ఉదయం ఆరు నుంచి రాత్రి పది, 2020 డిసెంబర్ 31 నుంచి రోజంతా. చెప్పినట్టే చేశారు.

అలర్ట్ విమానం అంటే తాళం తిప్పి తీసుకెళ్ళే బండి కాదు. అన్ని చెక్‌లూ ముందే పూర్తిచేసి, స్విచ్‌లన్నీ ఉండాల్సిన చోట పెట్టి వదులుతారు. హార్నెట్‌లో సొంత ఏపీయూ (ఇంజన్లని స్టార్ట్ చేసే చిన్న సహాయక ఇంజన్) ఉంది, ఇంజన్ తిప్పడానికి బయటి బండి అక్కర్లేదు. కానీ నావిగేషన్ అలైన్ కావాలి (విమానం తానెక్కడుందో, ఎటు చూస్తోందో సరిచూసుకోవాలి), మిసైళ్ళ సేఫ్టీ పిన్నులు తీసి లెక్కపెట్టాలి, టవర్ దారివ్వాలి. జతలో ఒకటి మొరాయిస్తే వెంటనే ఎక్కడానికి మూడోది సిద్ధంగా ఉండాలి. దాని వెనక సర్వీసింగ్‌లో ఇంకొన్ని. రెండు ఎగరాలంటే ఎన్ని కావాలో ఆ రీల్ చేసినవాళ్ళు ఎప్పుడైనా ఆలోచించారా?

"రాత్రి ఎగరడానికి భయమా" అట! 2016 ఆగస్టు 29న ఆల్ప్స్ కొండల మధ్య ఉన్న మైరింగెన్ స్థావరం నుంచి రెండు హార్నెట్లు ఒకదాని వెనక ఒకటి మబ్బుల్లోకి లేచాయి. వెనకదానికి ముందు విమానం రాడార్‌లో దొరకలేదు. కంట్రోలర్ చెప్పిన ఎత్తు ఆ కొండలకి చాలలేదు. సుస్టెన్ కనుమ దగ్గర రాయిని గుద్దుకుని పైలట్ చనిపోయాడు. ఆ లోయలో రన్‌వే దాటగానే కొండలే. అక్కడ ఎగిరేవాళ్ళని పిరికివాళ్ళనడానికి మనకి నోరెలా వస్తుంది?

అసలు ఈ రోగం ఎక్కడ మొదలైందో చెప్పనా? "ఏ దేశం దగ్గర ఎన్ని విమానాలు" అనే పట్టికల దగ్గర. ఏళ్ళ తరబడి చూస్తున్నాను, ఏ వీడియో తెరిచినా అదే. హార్నెట్లు ఇన్ని, వాటికన్నా పాతవైన ఎఫ్-5 టైగర్ ఫైటర్లు ఇన్ని, కలిపి ఇన్ని అని కూడేసి ర్యాంకు ఇచ్చేస్తారు. టైగర్ పగలు, అదీ ఆకాశం తేటగా ఉన్నప్పుడే కాపలాకి పనికొస్తుందని ఆ పట్టికలో ఉండదు. హార్నెట్లు 34 కొంటే ప్రమాదాల్లో నాలుగు పోయి 30 మిగిలాయని ఉండదు. వాటి ఫ్రేములు టైటానియంతో చేయించుకున్నా ఆయువు 5,000 గంటలకే లెక్కగట్టారని, కొత్తవి రాక 6,000కి పొడిగించాల్సి వచ్చిందని ఉండదు. కాపలాకి లేచిన ప్రతి గంటా ఆ ఆయువులోంచే పోతుంది.

కొత్తవి ఎందుకు రాలేదో కూడా వీళ్ళకి పట్టదు. హైజాక్ అయిన మూడు నెలలకే, 2014 మే 18న, స్వీడన్ ఫైటర్లు గ్రిపెన్లు 22 కొనాలా వద్దా అని జనాన్నే అడిగారు. 53.4 శాతం వద్దన్నారు. 2020లో కొత్త ఫైటర్లు కొనాలా అని మళ్ళీ అడిగితే 50.1 శాతం సరేనన్నారు, తేడా తొమ్మిది వేల ఓట్ల లోపే. ప్రతి ఫ్రాంకుకీ జనం ముందు నిలబడి జవాబు చెప్పుకునే ఎయిర్‌ఫోర్స్ అది. ఆ జనం తీర్పుని తెచ్చి పైలట్ల బద్ధకంగా చూపించడం అన్యాయం.

చాక్లెట్ల కామెంటు పెట్టినాయన ప్రొఫైల్‌లో ఊరు హైదరాబాద్ అని ఉంది. అక్కడి దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో మన కుర్రాళ్ళు మొట్టమొదట చెయ్యి పెట్టే విమానం పిలాటస్ పీసీ-7 మార్క్ 2. 2012లో మనం 75 కొన్నాం. తయారయ్యేది స్విట్జర్లాండ్‌లోని స్టాన్స్‌లో. అదే కంపెనీ పీసీ-21 మీద నేర్చుకుని స్విస్ పైలట్లు మధ్యలో ఇంకో జెట్ ట్రైనర్ లేకుండా నేరుగా హార్నెట్ ఎక్కుతారు. సాయంత్రం మేడ మీదికి వెళ్ళి తల పైకెత్తండి సార్, ఆ చాక్లెట్లవాళ్ళ విమానమే కనిపిస్తుంది.