‘ఒక శాతం లోపే’ అన్న నివేదిక చాలదు

మోంటానా రాష్ట్రంలోని లిబ్బీలో, వేడిచేస్తే విచ్చుకునే వర్మిక్యులైట్ అనే ఖనిజం గని 1990లో మూతపడింది. ఆలోపే అక్కడి ఖనిజం అమెరికాలో కర్మాగారాలు సహా 200కు పైగా చోట్లకు చేరింది. ఖనిజంతోపాటు అందులో కలిసిన ఆస్బెస్టాసూ చేరింది. పీలిస్తే క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బులు తెచ్చే సన్నని పోగుల ఖనిజమది. ఆ కర్మాగారాల స్థలాలు చేతులు మారేటప్పుడు ఒక మట్టి పరీక్ష నివేదిక చూపిస్తారు: ‘ఆస్బెస్టాస్ ఒక శాతం లోపే’. ఆ ఒక్క ముక్కను నమ్మి తవ్వకాలకు అనుమతి ఇవ్వరాదని మా అభిప్రాయం.

ఆ ఒక శాతం ఆరోగ్యాన్ని చూసి పెట్టిన గీత కాదు, నియమాల కోసం గీసుకున్నది. మట్టి పరీక్షకు వాడే పోలరైజ్డ్ లైట్ మైక్రోస్కోపు నమ్మకంగా లెక్కించగలిగేదీ ఇంచుమించు అక్కడిదాకానే. మట్టిలో అంతకన్నా తక్కువ ఉన్నా, కదిలిస్తే ప్రమాదకర స్థాయిలో పోగులు గాలిలోకి లేవవచ్చు. లిబ్బీ ఆస్బెస్టాస్‌కు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2014లో క్యాన్సర్ కాని జబ్బుల లెక్కన ఖరారుచేసిన సురక్షిత స్థాయి, దీర్ఘకాలం పీల్చే గాలిలో ఘన సెంటీమీటరుకు 0.00009 పోగు. పని ప్రదేశాల్లో ఎనిమిది గంటల సగటు పరిమితి 0.1 కన్నా అది వెయ్యి రెట్లకు పైగా తక్కువ.

అందుకే మట్టిని కదిలించి, గాలిని కొలవాలి. రక్షణ దుస్తులు, మాస్కు ధరించిన మనిషి పళ్ల పార (రేక్)తో నేలను గీరుతుంటే, అతని ముక్కు ఎత్తులో అమర్చిన ఫిల్టరు గుండా పంపు గాలిని లాగుతుంది. ఆ ఫిల్టరును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూడాలి. మామూలు మైక్రోస్కోపుతో పోగులు లెక్కిస్తే సన్నవి కనబడవు, ఏది ఏ రకమో తేలదు. ఈ పరీక్ష బెడిసికొట్టేది ముఖ్యంగా రెండు చోట్ల. వాన పడ్డ మర్నాడు చేస్తే తడి మట్టి లేవదు, ఫలితం శుభ్రంగా వస్తుంది. ఎండు నేలలోనైతే ధూళి ఫిల్టరును కప్పేసి లెక్కకు పనికిరాకుండా చేస్తుంది. ఎక్కువ గాలి లాగేది ఒకటి, తక్కువ లాగేది ఒకటి, రెండు పంపులు పెట్టడం ఇందుకే. నేలలో తేమ ఎంతో రాయని నివేదికను వెనక్కి పంపాలి.

ఎక్కడ వెతకాలన్నది అంతకన్నా ముఖ్యం. కొలిమిలో వర్మిక్యులైట్ పేలాల్లా విచ్చుకుంటుంది. విచ్చుకోని రాయి వ్యర్థంగా మిగులుతుంది. అందులో ఆస్బెస్టాస్ 2 నుంచి 10 శాతం దాకా ఉండేది. వ్యాగన్లు దించిన చోటు, కొలిమి పరిసరాలు, పైకప్పు దూలాల మీది దుమ్ము, వ్యర్థం పోసిన గుంట ముందు చూడాలి. కొత్తగా పరచిన కంకర కింద కూడా తవ్వి చూడాలి.

ఇక కంచె బయట. మినియాపొలిస్ నగరంలో 1936 నుంచి 1989 దాకా నడిచిన వర్మిక్యులైట్ కర్మాగారం ఆ వ్యర్థ రాయిని ఊరికే ఇచ్చేసింది. జనం తీసుకెళ్లి వాకిళ్లలో, తోటల్లో పరిచారు. తర్వాత 1,600కు పైగా ఆస్తులను తనిఖీ చేయాల్సి వచ్చింది. సరుకు రసీదులు ఎన్ని టన్నులు వచ్చాయో చెబుతాయి. రాయి ఎవరింటికి వెళ్లిందో చెప్పవు. అది పాత కార్మికులకూ ఇరుగుపొరుగుకూ తెలుసు. వాళ్లలో చాలామంది వయసు మళ్లినవాళ్లు, కాబట్టి మట్టి నమూనా కన్నా ముందు వాళ్ల మాటలు రాసిపెట్టుకోవాలి.