‘పాజిటివ్‌గా ఆలోచించు’ అనడానికి థెరపిస్టు దేనికి?

సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే మానసిక చికిత్స మీద హైదరాబాద్ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది: ‘సీబీటీ అంటే పాజిటివ్‌గా ఆలోచించమనడమే. అమ్మమ్మలు ఊరికే చెప్పిన మాటకి ఇప్పుడు వేలకు వేలు. మొదలుపెడితే ఏళ్ల తరబడి తిరగాల్సిందే.’

మొదటి మాటే తప్పు. పాజిటివ్‌గా ఆలోచించమని అక్కడ చెప్పరు, ఆలోచన నిజమో కాదో తేల్చుకోమంటారు. మాదాపూర్‌లో పనిచేసే అమ్మాయికి శుక్రవారం సాయంత్రం మేనేజర్ ‘సోమవారం మాట్లాడాలి’ అని మెసేజ్ పెట్టాడనుకోండి. చదివీ చదవగానే ‘ఉద్యోగం పోయినట్టే’ అనిపిస్తుంది. రెండు రోజులూ అన్నం సయించదు. ‘ఏం కాదులే’ అని అమ్మ ఎన్నిసార్లన్నా చెవికెక్కదు. థెరపిస్టు ఆ మాట అనరు, ఆలోచనను కాగితం మీద రాయిస్తారు. ఎంత శాతం నమ్ముతున్నారు? ఆధారమేంటి? ఇదివరకు ఇలాంటి మెసేజ్ వచ్చినప్పుడు ఏం జరిగింది? సోమవారం గడిచాక, రాసుకున్నదాన్నీ జరిగినదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఉద్యోగం నిజంగానే పోతే? అప్పుడు ఆలోచన తప్పని వాదించరు. ఈఎంఐల సంగతి, కొత్త ఉద్యోగం సంగతి ముందేసుకుంటారు.

ఇదంతా కూర్చుని మాట్లాడుకోవడమే అనుకోకండి. మెట్రోలో గుండె దడ రాగానే హార్ట్ ఎటాక్ అనుకుని అమీర్‌పేటలో దిగిపోయే మనిషికి, దిగిన ప్రతిసారీ ‘దిగాను కాబట్టే బతికాను’ అన్న నమ్మకం ముదురుతుంది. గుండె బాగానే ఉందని డాక్టరు తేల్చాక, థెరపిస్టు అతణ్ని గదిలోనే నిలబడ్డచోట పరుగెత్తించి దడ పుట్టిస్తారు. అది దానంతటదే తగ్గడం అతను చూస్తాడు. తర్వాత మెట్రోలో ఒక స్టేషను, ఆపైన రెండు. ఏ అమ్మమ్మా ఈ పని చేయించి ఉండదు.

ఏళ్ల తరబడి తిరగడమన్నది, గతాన్ని తవ్వుతూ సాగే పాతకాలపు మనోవిశ్లేషణకు (సైకోఅనాలిసిస్) ఉన్న పేరు. అందులోనే శిక్షణ పొందిన అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ దాన్ని వదిలి, 1960లలో ఫిలడెల్ఫియాలో ఈ పద్ధతికి పునాది వేశారు. సీబీటీ మామూలుగా 6 నుంచి 20 సెషన్లలో ముగుస్తుంది. మధ్యలో ఇంటిపని (హోంవర్క్) ఇస్తారు. అది ఎగ్గొడితే ఫలితమూ అంతంతే.

ఖర్చు మాట నిజం, ప్రైవేటులో భారమే. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కానీ ఆ ఊరి పేరునే వెక్కిరింతగా వాడే మనం, అవసరమున్నవాళ్లను గేటు దాకా కూడా పోనివ్వడం లేదు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఫార్వర్డ్ అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఇది అందరికీ పనిచేస్తుందా? చేయదు. డిప్రెషన్ తీవ్రంగా ఉంటే మందులూ కావాల్సి రావచ్చు. బైపోలార్‌లో, స్కిజోఫ్రీనియాలో మందులే ప్రధానం, ఇది తోడు మాత్రమే. కొన్ని వారాలు ఇంటిపని సరిగ్గా చేసినా తేడా కనిపించకపోతే, మొహమాటపడకుండా ఆ మాట థెరపిస్టుతోనే అనేయండి.