తుపాకీ లేని ఓడకు పెట్టె దొరకదు

మా పక్కింటి కుర్రాడు మర్చంట్ నేవీలో థర్డ్ ఇంజినీర్. సెలవుకు హనుమకొండ వచ్చినప్పుడల్లా మా ఇంటికొచ్చి నా అద్దాల అలమారా ముందు కాసేపు నిలబడతాడు. పదిహేనేళ్లుగా నేను ప్లాస్టిక్ కిట్లు కొని అతికించి, రంగులేసిన బొమ్మ ఓడలన్నీ అందులోనే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ యుద్ధనౌక యమాటో, జర్మనీ యుద్ధనౌక బిస్మార్క్, రెండు డిస్ట్రాయర్లు, ఒక జలాంతర్గామి. మొన్న దసరాకు వచ్చి అడిగాడు: "అంకుల్, ఇవన్నీ కొట్లాట ఓడలే గదా. సామాన్లు మోసేటిది ఒక్కటన్న లేదా?" ఫోన్ తీసి తను పనిచేసే ఓడ చూపించాడు. ఐదు హాచ్‌లు, అదే సరుకు గదుల నోళ్లు, నాలుగు క్రేన్లు, వెనకాల తెల్లటి మేడ. 180 మీటర్ల బల్క్ క్యారియర్, అంటే సరుకును గుట్టగా పోసుకుని మోసే ఓడ. "దీన్ని చేసిపెట్టరాదుండ్రి?"

1/700 స్కేల్లో, అంటే అసలులో ఏడువందలో వంతు చేస్తే, ఆ ఓడ జానెడు మీద కొంచెం. కిట్ ఉంటే నెల రోజుల పని. పెద్ద కిట్ కంపెనీల కేటలాగులన్నీ తిరగేశాను. అలాంటిది నాకు కనబడలేదు.

ఈ హాబీలో ఉన్నవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. 1971లో జపాన్‌లోని షిజువోకా కంపెనీలు టామియా, హసెగావా, అవొషిమా, ఫుజిమి కలిసి వాటర్‌లైన్ సిరీస్ మొదలుపెట్టాయి. యుద్ధనౌకలను తలా కొన్ని పంచుకుని 1/700లో తెచ్చాయి. అప్పటి నుంచి అదే దారి. యమాటో ఏ స్కేల్లో కావాలన్నా దొరుకుతుంది. ఆ ఓడ నౌకాదళంలో చేరింది 1941 డిసెంబరులో, మునిగింది 1945 ఏప్రిల్లో. బిస్మార్క్ సంగతి ఇంకా విచిత్రం. 1941 మేలో యుద్ధానికని బయల్దేరిన మొదటిసారే మునిగిపోయింది, తొమ్మిది రోజుల్లో. ఆ తొమ్మిది రోజుల ఓడ మీద ఎన్ని పెట్టెలు వచ్చాయో లెక్కపెట్టడం నేను మానేశాను.

మరి మనల్ని బతికిస్తున్న ఓడలు? మన దేశపు విదేశీ వాణిజ్యంలో బరువు లెక్కన 95 శాతం దాకా సముద్రం మీదే నడుస్తుంది. ఏనుమాముల యార్డులో కాంటా అయిన తేజ మిర్చి కంటైనర్‌లో పడి ఓడెక్కుతుంది. యూరియా ఓడ ఆలస్యమైతే ఇక్కడ సొసైటీ ముందు రైతులు చెప్పులు వరుసలో పెట్టి చెట్టుకింద కూర్చుంటారు. సముద్రం మొహం చూడని మన జిల్లాల బతుకు ఏదో ఒక బల్క్ క్యారియర్‌కి కట్టేసి ఉంది. దాని కిట్ మాత్రం పెద్ద కంపెనీల దగ్గర కనబడదు.

కంపెనీలకు వాళ్ల జవాబు వాళ్లకుంది. ఉక్కు అచ్చు చెక్కించాలంటే చాలా డబ్బు పోయాలి, అది తిరిగి రావాలంటే వేల పెట్టెలు అమ్ముడుపోవాలి. కొనేవాళ్లలో ఎక్కువమంది యుద్ధం కథలు చదివి పెరిగినవాళ్లు. పైగా 400 మీటర్ల కంటైనర్ ఓడ 1/700లో కూడా 57 సెంటీమీటర్లు వస్తుంది, సగటు ఇంట్లో దాన్ని ఎక్కడ పెడతారు? సరే, లెక్క లెక్కే. కాదనను.

కానీ ఆ లెక్కను యుద్ధనౌకకు ఒకలా, సరుకు ఓడకు ఒకలా వేస్తారు. ఒక అచ్చుతో ఒకే డిజైన్‌లో కట్టిన రెండు మూడు అక్కచెల్లెళ్ల ఓడలు అమ్ముకోవచ్చు కాబట్టి యుద్ధనౌక లాభమంటారు. యమాటోకి ముసాషి తోడు, అంతే. అదే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా కట్టిన లిబర్టీ అనే సరుకు ఓడలు 2,710. ఒకే డిజైన్, వేల పేర్లు. ట్రంపెటర్ అనే కిట్ కంపెనీ దాన్ని 1/350లో తెచ్చింది, సంతోషం. ఆ సరుకు ఓడ మీద కూడా తుపాకులుండేవి మరి. అందుకే దానికి టికెట్ దొరికిందేమోనని నా అనుమానం.

సరైన ప్లాన్లు దొరకవని ఇంకో మాట చెబుతారు. దీనికైతే నాకు నవ్వొస్తుంది. ప్రాచీన గ్రీకుల ట్రైరీమ్ అనే తెడ్ల యుద్ధనౌక శిథిలం ఇప్పటిదాకా ఒక్కటీ దొరకలేదు. ఉన్నవి శిల్పాలు, రాతలు, ఆ ఓడలు నిలిపిన షెడ్ల పునాదులు. అయినా రష్యా కంపెనీ జ్వెజ్డా ట్రైరీమ్‌ని 1/72లో అమ్మింది. తెడ్డు తెడ్డూ ఊహించి అచ్చుపోయగలిగినవాళ్లకు నిన్న ఓడల యార్డులోంచి దిగిన ఓడ డ్రాయింగు దొరకదా?

గిరాకీ లేదన్న మాట కూడా నిలబడదు. జర్మనీలో విల్హెల్మ్స్‌హాఫెన్ పేరుతో 1/250 స్కేల్ కాగితం ఓడలు దశాబ్దాలుగా వస్తున్నాయి. వాటిలో సరుకు ఓడలు, టగ్‌లు, ఫెర్రీలు కావలసినన్ని. కాగితానికి ఉక్కు అచ్చు అక్కర్లేదు, కాబట్టి ధైర్యం వచ్చింది. ప్లాస్టిక్‌లో టైటానిక్‌ని చూడండి. అది ప్రయాణికుల ఓడే, దానికి ఒక్క ఫిరంగీ లేదు, అయినా ఎన్ని కంపెనీలు చేశాయో. జనం నోట్లో దానికి ఒక కథ ఉంది. మునిగితేనో, ముంచితేనో తప్ప మనం ఓడకు కథ రాయం. సరుకు దించి క్షేమంగా ఇంటికొచ్చిన ఓడకు కథ ఎవరు రాస్తారు?

మన దగ్గరా అంతే. 1948 మార్చి 14న విశాఖలో నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగిన జల ఉష స్వతంత్ర దేశంలో కట్టిన మొదటి పెద్ద ఆవిరి ఓడ. సింధియా యార్డు కట్టిన 8,000 టన్నుల సరుకు ఓడ. ఇప్పుడు విశాఖ బీచ్‌కి వెళ్తే జనం టికెట్ కొని ఎక్కేది కురుసురా జలాంతర్గామి. నేనూ ఎక్కాను, పిల్లల్నీ ఎక్కించాను. జల ఉష పేరు మా పిల్లలకు నేను చెప్పేదాకా తెలియదు.

అంతెందుకు, మన కోటనే తీసుకుందాం. ఖిలా వరంగల్‌కి వచ్చినవాళ్లకు గైడు ఏం చెబుతాడు? మాలిక్ కాఫర్ ముట్టడి, 1323 పతనం, మట్టికోట, రాతికోట. ఈ కోటలోని దొర గణపతిదేవుడు 1244లో సముద్రపు ఒడ్డున మోటుపల్లిలో ఒక శాసనం వేయించాడు. అప్పటిదాకా రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా గుంజుకునేవారట. ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగే వర్తకుల దగ్గర ఇకపై నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోమని ఆయన అభయమిచ్చాడు. దాన్ని అభయ శాసనమనే అంటారు. కర్పూరం, చందనం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు, పట్టు, ఒక్కోదాని మీద ఎంత సుంకమో రాయి మీద చెక్కించాడు. ఆ శతాబ్దం చివర మార్కో పోలో ఆ రేవు పేరుతోనే రాజ్యాన్ని గుర్తుపట్టాడు. అక్కడ ఒక రాణి న్యాయంగా పాలిస్తోందని, సాలెగూడంత పలుచని బట్ట నేస్తారని రాశాడు.

ఓరుగల్లు గోడల మీద పెట్టిన డబ్బులో ఆ ఓడల డబ్బు కూడా ఉంది. మన కూడళ్లలో మాత్రం గుర్రమూ కత్తీ ఉన్న విగ్రహాలే. శాతవాహనుల నాణెం మీద రెండు తెరచాప కొయ్యలతో ఓడ బొమ్మ చెక్కి ఉంటుంది. రాజు తన నాణెం మీద వేసుకున్న ఓడను మనం ఒక ప్లాస్టిక్ డబ్బాలో కూడా పెట్టుకోలేదు. ట్రైరీమ్‌కి సరిపోయిన ఊహ దీనికెందుకు సరిపోదో నాకర్థం కాదు.

ఆ కుర్రాడి ఓడ మొదలుపెట్టాను, కిట్ లేకుండానే. మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ షీటు పొరలు పొరలుగా అతికించి, సాండ్‌పేపర్‌తో ముక్కు గుండ్రం చేస్తున్నా. హాచ్ మూతలు ఐదూ అయ్యాయి. పక్కన ప్లిమ్‌సోల్ గుర్తు, అదే బరువు ఎక్కువైతే నీళ్లలో మునిగిపోయి ఆ సంగతి చెప్పే గీత, సున్నా మధ్యలో అడ్డగీతలా ఉంటుంది. ఈ స్కేల్లో అది ఆవగింజలో సగం కూడా లేదు, మూడుసార్లు వేసి మూడుసార్లు తుడిచాను. క్రేన్ల చేతులు ప్రయాణంలో ముందుకు పడుకుంటాయా, వెనక్కా అన్నది ఫొటోలో తెలియడం లేదు. వాట్సాప్‌లో అడిగాను. నాలుగు రోజులైంది, ఇంకా ఒకటే టిక్కు.