ఖాళీ అర గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వంటింటి అలమారా పై అర గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. సెలవు రోజుల్లో తోచడానికి ఒక హాబీ పెట్టుకుందామనుకున్నాను. చరిత్రలోని వంటలా, కాక్‌టెయిల్సా అన్నది ఎంతకీ తెగడం లేదు. ఖాళీగా ఉన్నది మీరొక్కరే, రెండు కాపురాలు పెట్టలేను. తీర్పు మీరే చెప్పాలి.

ముందు వంటల సంగతి. రోమన్ల నాటి అపీషియస్ వంటల పుస్తకం మిరియాలు, తేనె, వెనిగర్, ఊరబెట్టిన చేపల రసం వేయమంటుంది. ఎంతెంత? చాలాచోట్ల చెప్పదు. ఎంతసేపు ఉడకాలి? ఆ మాత్రం తెలియదా అన్నట్టు ఊరుకుంటుంది. పైగా సిల్ఫియం కావాలట. ఆ మొక్క అప్పట్లోనే కరువై, దొరికిన ఒక్క కాడనూ నీరో చక్రవర్తికి పంపారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. పాపం, రోమన్లే ఇంగువతో సరిపెట్టుకున్నారు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న బాబిలోనియా వంటల మట్టిపలకలు మరీ ఘనం. క్రీ.పూ. 1730 ప్రాంతానివి. మాంసం పొయ్యి మీదుండగానే పలక విరిగిపోయి ఉంటుంది, తర్వాతి వంట మనదే. చెడితే నేరం పలకది. "అసలు రుచి ఇది కాదు" అనడానికి ఒక్కడూ బతికి లేడు. ఇంత భద్రత ఇంకే విద్యలో ఉంది చెప్పండి?

కాక్‌టెయిల్‌కి ఆ సుఖం లేదు. డైకిరీ అనే కాక్‌టెయిల్‌కి రమ్ 60 మి.లీ., నిమ్మరసం 30, పంచదార పాకం 20. నిమ్మరసం కాస్త పొంగిందా, తాగినవాడి ఒక కన్ను మూసుకుపోతుంది. పళ్లరసం పడితే షేకర్‌లో కుదపాలి, ఒట్టి మద్యాలైతే చెంచాతో తిప్పాలి. కరిగిన ఐస్ నీళ్లు కూడా పాళ్లలో లెక్కే. మూత తీసిన వర్మూత్ (మూలికలు వేసిన వైన్) ఫ్రిజ్‌లో ఉండాలి, ఎంతైనా అది వైనే. బిటర్స్ అనే చేదు మూలికల సారం మాత్రం చుక్కల్లెక్కన వాడేది కాబట్టి వీలునామాలో రాసుకోవచ్చు. ఇంత చేసి గ్లాసు చేతికిస్తే, వచ్చిన ప్రతివాడూ న్యాయమూర్తే.

అసలు చిక్కు వేరే ఉంది. 1862లో జెర్రీ థామస్ అచ్చువేసిన బార్టెండర్ పుస్తకం చూశాను. మండుతున్న విస్కీని ఒక మగ్గులోంచి ఇంకో మగ్గులోకి పోయమంటాడు. కొలతేమో "ఒక వైన్ గ్లాసు". ఎవరింటి గ్లాసో చెప్పడు! ఇదీ పాతకాలపు వంటే కదా అనిపించింది.

అందుకని మీ తీర్పు కోసం ఆగకుండా చేపల రసం సీసా తెచ్చేశాను. మూత బిగించాను, అయినా వాసనకు నా పూచీ లేదు. బిటర్స్ సీసా చిన్నదే, పక్కకు సర్దుకోండి. షేకర్ కొనడం లేదు, మూతున్న గాజు జాడీతో కానిచ్చేస్తాను.

ఇట్లు,
మీ కింది అరలన్నీ ఇప్పటికే నింపేసిన భక్తుడు