సవరణ: పిలాతు ప్రశ్న, తోమాకు దొరికిన జవాబు

"సత్యమంటే ఏమిటి" అని రోమా గవర్నరు పిలాతు విచారణలో అడిగితే యేసు జవాబివ్వలేకపోయాడన్న అర్థం వచ్చే వాక్యం, క్రైస్తవులకు సత్యమంటే ఏమిటో రాసిన నిన్నటి పోస్టులో ఉంది. దాన్ని తీసేశాను. యోహాను సువార్త 18:38 ప్రకారం పిలాతు ఆ మాట అనేసి, బయట ఉన్న యూదుల దగ్గరికి వెళ్ళిపోయాడు. అడిగినవాడే ఆగలేదు మరి!

జవాబు అంతకుముందే, 14:6లో, యేసు శిష్యుడు తోమాకు దొరికింది. దారి ఎలా తెలుస్తుందని అతనడిగితే "నేనే మార్గమును, సత్యమును, జీవమును" అన్నాడు యేసు. సత్యం చెబుతానని కాదు, తానే సత్యమని. అందుకే క్రైస్తవులకు సత్యం ముందు ఒక వ్యక్తి, సిద్ధాంతాలు ఆ తర్వాత. అలాగని వాస్తవాలు అక్కర్లేదని కాదు. క్రీస్తు మృతుల్లోంచి లేవకపోతే విశ్వాసమే వ్యర్థమంటాడు అపొస్తలుడు పౌలు.

ఇంకొకటి: యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయం దేవుని ఆత్మను కూడా సత్యమనే అంటుంది. నిన్నటి పోస్టులో సత్యం "యేసు ఒక్కడే" అన్నచోట అదీ చేర్చాను.