గ్యాలన్ ధర అడుగుట మర్యాద కాదు

తెలుగువారికి అడగరాని ప్రశ్నంటూ లేదని లోకంలో ఒక అపవాదు ఉంది. పరిచయమైన ఐదు నిమిషాల్లోనే జీతమెంత, ఇల్లెంతకు కొన్నారు, వడ్డీ ఎంత శాతం పడింది, గ్రీన్ కార్డు ఏ దశలో ఉంది, రెండో సంతానం సంగతేమిటి అని వరసగా అడిగేస్తామనీ, జవాబు రాకపోతే నొచ్చుకుంటామనీ అంటారు. ఈ అపవాదును తుడిచివేయగల సాక్ష్యం అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రపు దక్షిణ భాగంలో, నాషువా చుట్టుపక్కల ఊళ్ళలో ఇల్లు కొనుక్కుని స్థిరపడిన మన కుటుంబాల దగ్గర దొరుకుతుంది. అక్కడ సహజవాయువు పైపు చేరని వీధులు చాలా ఉన్నాయి. అలాంటి వీధిలో కొత్తగా కట్టిన ఇల్లు చలికాలంలో వెచ్చగా ఉండాలంటే చాలాసార్లు పెరట్లో పాతిపెట్టిన ట్యాంకులోని ప్రొపేనే, అంటే వంటగ్యాస్ జాతి ఇంధనమే, దిక్కు. పొరుగింటివారి కాపురంలోని సమస్త వివరాలూ తెలిసిన మనవాళ్ళు ‘మీకు గ్యాలన్ ఎంత పడుతోంది?’ అన్న ఒక్క ప్రశ్న మాత్రం ఒకరినొకరు అడగరు. ఈ నిగ్రహాన్ని ఇప్పటిదాకా ఎవరూ తగినంతగా మెచ్చుకోలేదు కాబట్టి ఆ పనిని ఈ వ్యాసం తలకెత్తుకుంటోంది.

ఆ నిగ్రహం ఎంత గొప్పదో తెలియాలంటే ముందు సరుకు ఎంతో తెలియాలి. ట్యాంకులో ద్రవరూపంలో ఉండే ప్రొపేన్ వేడికి వ్యాకోచిస్తుంది కనుక, 500 గ్యాలన్ల (గ్యాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు) ట్యాంకును 80 శాతానికి మించి నింపరు. అంటే నిండు ట్యాంకులో ఉండేది 400 గ్యాలన్లు. గ్యాలన్ ప్రొపేన్ సుమారు 4.2 పౌండ్లు తూగుతుంది. ఆ లెక్కన మన ఇళ్ళలో వాడే 14.2 కిలోల వంటగ్యాస్ సిలిండర్లు సుమారు 54 తెచ్చి ఒకేసారి పెరట్లో పాతిపెడితే ఎంత బరువో అంత సరుకు ఆ ట్యాంకులో ఉంటుందన్నమాట. హైదరాబాదులో ఒక్క సిలిండరు మీద యాభై రూపాయలు పెరిగితే అది మొదటి పేజీ వార్త అవుతుంది, ప్రతిపక్షం ఖాళీ సిలిండర్లకు దండలు వేసి రోడ్డు మీద బైఠాయిస్తుంది, ఎదురింటికీ పక్కింటికీ ఒకటే రేటని చంటిపిల్లవాడికి కూడా తెలుస్తుంది. న్యూహాంప్‌షైర్‌లో 54 సిలిండర్ల సరుకు దిగినా ఇంటి యజమానికి రేటు తెలియదు. తెలుసుకోవాలనుకున్నా ఆ ముక్క బిల్లు వచ్చాకే తెలుస్తుంది. ఆ బిల్లు కూడా ఆటోపే పెట్టుకున్నాడు కనుక బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే కట్టబడుతుంది. రైతు బజారులో కొత్తిమీర కట్ట దగ్గర కొసరు ఇచ్చేదాకా కదలని వంశంలో పుట్టిన మనిషి ఇంతటి వైరాగ్యం సాధించడం సామాన్యమైన విషయం కాదు.

సరుకు దించే తీరు చూస్తే గౌరవం మరింత పెరుగుతుంది. బాబ్‌టెయిల్ అనే పొట్టి ట్యాంకరు లారీ వీధిలోకి వస్తుంది. డ్రైవరు మంచు తొక్కుకుంటూ గొట్టం లాక్కుంటూ వెళ్ళి, ట్యాంకు మీది మూత ఎత్తి, గేజి ముల్లు చూసి, నింపి, తలుపు గొళ్ళానికి ఒక చీటీ తగిలించి పోతాడు. ఆ చీటీలో ఎన్ని గ్యాలన్లు పోశారో దశాంశంతో సహా ఉంటుంది. చలికి సరుకు కుంచించుకుపోయి లెక్క తేడా రాకుండా, కొలతను 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు సవరించామని కూడా దాని మీద అచ్చు వేసి ఉంటుంది. కొలత విషయంలో భౌతికశాస్త్రాన్ని ఇంత నిష్ఠగా పాటించే సంస్థ, ధర విషయానికి వచ్చేసరికి జ్యోతిషాన్ని ఆశ్రయిస్తుంది. అదే లారీ, అదే గొట్టం, అదే రోజు, అదే వీధి. అయినా మొదటి ఇంటికొక ధర, రెండో ఇంటికొక ధర, ఆ రెండిళ్ళ మధ్య ఒక్కోసారి గ్యాలన్‌కు డాలరుకు పైగా తేడా. ఎవరి జాతకం వారిదని సరిపెట్టుకోవడం తప్ప ఇందులో ప్రశ్నించడానికేముంది?

జాతకం అన్నాను గానీ గ్రహాలేవో అంత గుప్తంగా ఏమీ లేవు. మొదటిది మీరు ఏడాదికి ఎన్ని గ్యాలన్లు వాడతారన్నది. ఎక్కువ వాడేవారికి గ్యాలన్ ధర తక్కువ, తక్కువ వాడేవారికి ఎక్కువ. ఇల్లంతా ప్రొపేన్ ఫర్నేసుతో వెచ్చబెట్టుకునేవారు ధరల నిచ్చెనలో కింది మెట్టు మీద ఉంటారు. పొయ్యికీ, అతిథులు వచ్చినప్పుడు వెలిగించే అలంకార ఫైర్‌ప్లేస్‌కూ మాత్రమే వాడేవారు చాలా పై మెట్టు మీద ఉంటారు. లారీ వచ్చిపోయే ఖర్చు రెండిళ్ళకూ ఒకటే కదా అన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ దాని ఫలితం రమణీయంగా ఉంటుంది. ఒక గృహస్థుడు పర్యావరణం మీద ప్రేమతో అటకంతా ఇన్సులేషన్ పరిపించి, కిటికీలు మార్పించి, పైన కరెంటుతో ఇల్లు వెచ్చబెట్టే ఒక హీట్ పంప్ కూడా పెట్టించి, వాడకాన్ని సగానికి తగ్గించాడనుకోండి. మరుసటి ఏడాది అతణ్ని తక్కువ వాడకందారుల జాబితాలోకి మార్చి, గ్యాలన్ ధర పెంచి, ఏడాదికి ఇన్ని గ్యాలన్లు కొనాలన్న కనీస షరతు తప్పినందుకు అపరాధ రుసుము కూడా జోడించి సత్కరిస్తారు. పొదుపు చేయడమంటే సంస్థను అవమానించడమే కనుక ఈ శిక్ష సబబే.

రెండో గ్రహం విశ్వాసం. కొత్తగా చేరేవారికి మొదటిసారి పోసే సరుకు పరిచయ ధరకు వస్తుంది. అది చూసి మురిసిపోయినవారికి రెండోసారి ‘ఆనాటి మార్కెట్ ధర’ పడుతుంది. ఆనాటి మార్కెట్ అంటే ఏ మార్కెట్ అని అడగడం మర్యాద కాదు. పదేళ్ళుగా ఒకే డీలరు దగ్గర ఉంటూ ఒక్క ఫోన్ కూడా చేయని ఇంటివారు చెల్లించేదే తరచుగా ఆ వీధిలోకెల్లా ఎక్కువ ధర. ఫోన్ చేసి ‘ఫలానా కంపెనీ తక్కువకు ఇస్తామంటోంది’ అని ఒక్క మాట అంటే, నిమిషం పాటు సంగీతం వినిపించి, అమ్మాయి తిరిగి లైన్లోకి వచ్చి, మేనేజరుగారితో మాట్లాడానని చెప్పి, గ్యాలన్ మీద నలభై యాభై సెంట్లు తగ్గించడం అక్కడ మామూలే. ఆ ఒక్క నిమిషంలో మార్కెట్ అంత వేగంగా ఎలా పడిపోయిందో అర్థశాస్త్రజ్ఞులు పరిశోధించవలసి ఉంది.

ఇక రుసుముల దగ్గరికి వస్తే, ప్రమాదకర పదార్థం రవాణా చేస్తున్నందుకొకటి, లారీకి డీజిల్ ఖర్చయినందుకొకటి, ట్యాంకు అద్దె అని ఒకటి ఉంటాయి. ప్రొపేన్ అమ్మే సంస్థకు ప్రొపేన్ మండుతుందన్న సంగతి, సరుకును ఇంటిదాకా లారీలో తేవాలన్న సంగతి ప్రతి బిల్లులోనూ కొత్తగా తెలుస్తుంటుంది కాబోలు. ‘నేను పిలిచినప్పుడే రండి’ అనే పద్ధతిలో ఉన్నవారు పిలవడం మరిచి ట్యాంకు ఖాళీ చేసుకుంటే, వేళగాని వేళ వచ్చినందుకు ఒక రుసుము, గ్యాస్ ఆగిన తర్వాత లీకు పరీక్ష చేయక తప్పదు కనుక దానికొక రుసుము. రెండోది భద్రత కోసమే కాబట్టి దాని జోలికి ఈ వ్యాసం పోదు. కానీ ఆ పరీక్షకు తీసుకునే మొత్తం మీద ఎవరికీ భద్రత లేదు.

ఇంతకీ ఇన్ని పడుతూ మనిషి డీలరును ఎందుకు మార్చడు? జవాబు పచ్చికలోంచి పైకి తేలిన ఆ గుమ్మటం మూత కింద ఉంది. ట్యాంకు కంపెనీది. ట్యాంకు ఎవరిదో వారుగానీ, వారి అనుమతి ఉన్నవారుగానీ తప్ప మరొకరు దాన్ని నింపకూడదని అమెరికా అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 58 చెబుతుంది. పరాయి కంపెనీ తనకు తెలియని ట్యాంకులో వాయువు నింపి ప్రమాదం తెచ్చుకోకూడదన్నది దాని ఉద్దేశం, మంచి ఉద్దేశమే. అదే నియమం వ్యాపారంలోకి వచ్చేసరికి మీ పెరడు మీది, గొయ్యి మీది, అందులో పోసిన గ్యాస్‌కు డబ్బు మీది, దాని చుట్టూ ఉన్న ఇనుము మాత్రం వారిదవుతుంది. ఇల్లు కట్టిన బిల్డరు మీరు ఆ రాష్ట్రంలో అడుగుపెట్టకముందే డీలరుతో ఒప్పందం చేసి ఉంటాడు. తీసుకుపొమ్మంటే పూల మొక్కలతో సహా తవ్వుతారు. లోపల మిగిలిన గ్యాస్‌ను తోడి తీసినందుకు రుసుము వేస్తారు. ఆ గ్యాస్‌కు మీరు కట్టిన డబ్బును తిరిగి ఇస్తారా, పూర్తిగా ఇస్తారా అన్నది కాంట్రాక్టు వెనుక పేజీలో సన్నటి అక్షరాల్లో ఉంటుంది. పెళ్ళికి ముందు అన్ని విధాలా విచారించే మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు గ్రానైటు రంగు చూస్తారు, తూర్పు ద్వారం చూస్తారు, ఈశాన్యంలో బరువు ఉందా అని చూస్తారు. ఈశాన్యంలో పాతిన ట్యాంకు సొంతమా, అద్దెదా అని మాత్రం అడగరు. ఇంటి బేరంలోనే ట్యాంకును సొంతం చేసుకున్నవారికి ఊళ్ళో ఉన్న డీలర్లందరూ లొంగుతారు, గ్యాలన్ ధర తనంతట తనే దిగుతుంది. అటువంటివారి వల్లనే వ్యవస్థకు చేటు.

మార్కెట్ ధర అనేది పూర్తిగా మిథ్య అని అనడం అన్యాయం. టెక్సాస్‌లోని మాంట్ బెల్వ్యూ, కాన్సస్‌లోని కాన్వే అనే రెండుచోట్ల భూగర్భంలోని ఉప్పు గుహల్లో ప్రొపేన్ నిల్వలుంటాయి. దేశంలో టోకు ధరకు అవే కొలమానాలు. 2013 శరదృతువులో మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో మొక్కజొన్న ఆలస్యంగా, తడితడిగా ఇంటికొచ్చింది. దాన్ని ఆరబెట్టే యంత్రాలు ప్రొపేన్‌తోనే నడుస్తాయి కనుక నిల్వలు తరిగాయి. అప్పట్లో కెనడా నుంచి ప్రొపేన్ తెస్తున్న కొచిన్ అనే పైపులైను మరమ్మతుకు ఆగింది. జనవరిలో ధ్రువపు చలి దిగింది. 2014 జనవరి నెలాఖరుకు ఆ ప్రాంతంలో ఇళ్ళకు పడే ధర గ్యాలన్‌కు 4 డాలర్లు దాటింది. ఫిబ్రవరిలో కేంద్ర ఇంధన నియంత్రణ సంఘం తన అత్యవసర అధికారం వాడి, ఒక పైపులైనులో ప్రొపేన్‌కు అగ్రతాంబూలం ఇప్పించవలసి వచ్చింది. ధర ఎందుకు పెరిగిందని అడిగినవారికి అప్పట్లో డీలర్లు ఈ కారణాలన్నీ ఓపికగా వివరించారు. 2016 జనవరికి మాంట్ బెల్వ్యూలో అదే ప్రొపేన్ గ్యాలన్ 40 సెంట్ల లోపుకు పడిపోయింది. దేశంలో ఇళ్ళకు పడిన సగటు ధర మాత్రం 2 డాలర్ల దగ్గర నిలబడింది. ఈసారి కారణాలు వివరించడానికి ఎవరూ ఫోన్ చేయలేదు. పెరిగిన ధర లారీ కంటే ముందు వస్తుంది. తగ్గిన ధరకు దారిలో మంచు అడ్డం పడుతుంది.

అమెరికా ఇంధన సమాచార సంస్థ అక్టోబరు నుంచి మార్చి దాకా వారం వారం రాష్ట్రాల సగటు ధరలను ప్రచురిస్తుంటుంది. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అయితే ఆ అంకెను పట్టుకుని డీలరుకు ఫోన్ చేయడం శిష్టాచారం కాదు. గ్యాలన్ ప్రొపేన్‌లో సుమారు 91,500 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఉంటే, ఇళ్ళు వెచ్చబెట్టడానికే వాడే మరో ఇంధనమైన హీటింగ్ ఆయిల్ గ్యాలన్‌లో సుమారు 1,38,500 ఉంటుందనీ, కాబట్టి ప్రొపేన్ ధర ఆయిల్ ధరలో మూడింట రెండు వంతులకు మించితే అది చవక కాదనీ కాగితం మీద లెక్క వేసుకోవడం మరీ దిగజారుడు పని.

వేసవిలో వచ్చే కరపత్రాలను కూడా భక్తితో స్వీకరించాలి. చలికాలానికి సరిపడా గ్యాలన్లను ఇప్పుడే డబ్బు కట్టి కొనుక్కునే ప్రీ-బై ఒకటి, ధర పెరిగినా ఒక హద్దు దాటదనే క్యాప్ పథకం ఒకటి, ఏడాది ఖర్చును నెలలకు సమంగా పంచే బడ్జెట్ పథకం ఒకటి వస్తాయి. ప్రీ-బై కట్టాక ధర పడిపోతే అది మీ దురదృష్టం. క్యాప్‌కు విడిగా రుసుము ఉంటుంది, ధర తగ్గితే మీకూ తగ్గుతుందో లేదో చదువుకోవాలి. ముందుగా డబ్బు తీసుకునే డీలరు దానికి తగిన సరుకు ఒప్పందమో, పూచీయో ఉంచుకోవాలని న్యూహాంప్‌షైర్ చట్టం చెబుతుంది. జూన్ నెలలో ఎండలో నిలబడి ఫర్నేసు గురించి ఆలోచించగలిగిన స్థితప్రజ్ఞులకు ఈ పథకాల్లో నిజంగానే మంచి ధర దొరుకుతుంది. జనవరిలో గేజి ముల్లు పది శాతం మీద ఉండగా ఫోన్ చేసినవారికి దొరికేది గ్యాస్ మాత్రమే.

వీటన్నిటికంటే ప్రమాదకరమైన ధోరణి ఒకటి ఈ మధ్య తలెత్తుతోంది. ఒక వీధిలోని పది పన్నెండు ఇళ్ళవారు కలిసి, మేమందరం ఒకే డీలరు దగ్గర చేరతాం, ఏడాదికి ఇన్ని వేల గ్యాలన్లు, అన్ని రుసుములూ కలుపుకుని ఒక్క ధర చెప్పండి అని అడుగుతున్నారు. లారీ ఒక్క రోజులో వీధంతా పోసి వెళ్ళవచ్చు కనుక డీలర్లు కూడా నిట్టూరుస్తూనే ఒప్పుకుంటున్నారు. అయితే దీనికి ముందుగా అందరూ ఒకచోట కూర్చుని తమ తమ పాత బిల్లులు బల్ల మీద పెట్టాలి. మన వీధుల్లో ఆ సమావేశం టీ, మిరపకాయ బజ్జీలతో ఉత్సాహంగానే మొదలవుతుంది. ఎక్కువ కడుతున్నవారు ముందుగా, ఒకరినొకరు ఓదార్చుకుంటూ, బిల్లులు బయటికి తీస్తారు. అందరికన్నా తక్కువ ధర పడుతున్నాయన మాత్రం తన బిల్లు ఆన్‌లైన్లోనే ఉందనీ, దాని పాస్‌వర్డ్ శ్రీమతికే తెలుసనీ, ఆవిడ సంక్రాంతికి విజయవాడ వెళ్ళిందనీ సెలవిచ్చి, ఇంకో బజ్జీ తీసుకుంటాడు.